పొర వయసు వేరు, రాయి వయసు వేరు

1863 మే 30. మద్రాసు దగ్గర పల్లావరంలో కంకర కోసం తవ్విన గుంటలోంచి రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఒక రాయి తీశాడు. ఆయన జియలాజికల్ సర్వే ఉద్యోగి. ఈ ప్రాంతపు రాళ్ళూ మన్నూ ఎక్కడెక్కడ ఏవున్నాయో పటం గీయడం ఆయన పని. ఆ రాయి మాత్రం వాననీళ్ళకు అరిగి అలా తయారైంది కాదు. రెండు వైపులా పెచ్చులు లేపి, అంచు పదును చేసిన చేతిగొడ్డలి. ఫ్రాన్స్‌లో సొమ్ నది మేటల్లో దొరికిన ఇలాంటి పనిముట్లు నిజంగా పాతవేనని 1859లో భూగర్భ శాస్త్రవేత్త ప్రెస్ట్‌విచ్ తేల్చిన సంగతి ఫూట్‌కు తెలుసు. ఆ ఎరుక ఉంది కాబట్టే కన్ను పట్టేసింది. ఆ సెప్టెంబరులో సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి తిరుగుతుంటే, కొసస్తలై నది దగ్గర అత్తిరంపాక్కంలో ఇంకా బోలెడు కనిపించాయి.

ఎంత పాతవి? ఈ ప్రశ్నకు ఫూట్ అంకెల్లో జవాబు చెప్పగలిగే రోజులు కావవి. చేతిలో ఉన్నది పొరల వరస ఒక్కటే. తిరగబడని చోట కింది పొర ముందు పడింది, పైది తర్వాత పడింది అని 1669లో శాస్త్రవేత్త స్టెనో చెప్పిన లెక్క. దాంతో ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది, ఎన్నేళ్ళు ముందో తెలియదు.

పైగా ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ గొడ్డళ్ళు చేసిన రాయి క్వార్ట్జైట్. దాని పుట్టుక నగరి కొండల వైపు. వంద కోట్ల ఏళ్ళకు ముందే అక్కడ నీటి అడుగున ఇసుక మేట వేసింది. మీద పడ్డ పొరల బరువుకు కిందివి నలిగాయి, నీళ్ళు పిండుకుపోయాయి, రేణువుల సందుల్లో సిలికా చేరి అతుకు వేసింది. ఇసుక కాస్తా ఇసుకరాయి అయింది, మరింత బిగిసి క్వార్ట్జైట్ అయింది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి కనిపించే నిటారు రాతిగోడలు ఈ కోవవే. వాటి అడుగున గ్రానైట్ ఉంటుంది. ఆ రెంటికీ మధ్య కోట్ల ఏళ్ళ ఖాళీ.

ఆ కొండలు అరిగాయి. ముక్కలు వాగుల్లో దొర్లి నునుపుదేరి, డైనోసార్ల కాలంలో, పది కోట్ల ఏళ్ళకు పైమాటే, సత్యవేడు ప్రాంతంలో ఇసుకతో కలిసి మరో రాయిగా బిగిశాయి. అదీ అరిగింది. గుండ్రాళ్ళు మళ్ళీ బయటపడ్డాయి. అప్పుడు ఎవరో వాటిని ఏరుకుని గొడ్డళ్ళు చెక్కారు. అవి మళ్ళీ మట్టిలో కూరుకున్నాయి. పాత ఇల్లు కూల్చిన ఇటుకలతో కొత్త గోడ కడితే, ఇటుకను చూసి గోడ వయసు చెప్పగలమా? ఒకటి మాత్రం ఖాయం: రాయిలో ఇమిడిన గులకరాయి ఆ రాయికన్నా పాతది.

అత్తిరంపాక్కం అడుగున ఆవడి షేల్ ఉంది. అదీ డైనోసార్ల కాలం నాటి బురదే, గట్టిపడి పలకలు పలకలుగా విడిపోయేది. 1960లలో తవ్వినవారు కింద బంకమన్ను తగలగానే అది పొడిబారిన షేల్ అనుకున్నారు. అప్పటికి మనిషే పుట్టలేదు కాబట్టి అందులో వెతకాల్సిన పనిలేదు. 1999లో పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం తవ్వినప్పుడు ఆ మన్ను లోపలే గొడ్డళ్ళు దొరికాయి. అంటే అది షేల్ కాదు, చాలా తర్వాత నీళ్ళు తెచ్చి పరిచిన ఒండ్రు. పొరపడ్డవారిని తప్పుపట్టలేం. షేల్ నానితే బంకమన్నే, బంకమన్ను బిగిస్తే షేలే. అయినా కోట్ల ఏళ్ళ తేడా ఒక్క దెబ్బతో బయటపడింది. నన్నడిగితే, ఫూట్ గొడ్డలి తర్వాత ఈ కథలో అంత పెద్ద మలుపు ఇదే.

ఇక అంకె. నేల మీదున్న క్వార్ట్జ్‌కు అంతరిక్ష కిరణాలు తగిలితే అందులో అల్యూమినియం-26, బెరీలియం-10 పుడతాయి. రాయి లోతుగా పూడిపోతే కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోతుంది, ఉన్నవి తరుగుతాయి. అల్యూమినియం సుమారు ఏడు లక్షల ఏళ్ళకు సగమవుతుంది, బెరీలియానికి దాదాపు రెట్టింపు కాలం పడుతుంది. రెండింటి నిష్పత్తి చూస్తే రాయి ఎప్పుడు పుట్టిందన్నది కాదు, ఎప్పుడు పూడిందన్నది తెలుస్తుంది. కావలసింది అదే. మట్టిలో నిలిచిపోయిన అయస్కాంత దిశను కూడా దీనికి జోడించి చూశారు. 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితం: తక్కువలో తక్కువ 10.7 లక్షల ఏళ్ళు, సగటున 15 లక్షల ఏళ్ళు.

పై పొరలకు మరో పద్ధతి. మట్టి రేణువులు చివరిసారి ఎండ ఎప్పుడు చూశాయో కొలిచేది. అక్కడ గొడ్డళ్ళు తగ్గి, చిన్న పెచ్చుల పనిముట్లు పెరుగుతాయి. ఆ మార్పు దాదాపు 3,85,000 ఏళ్ళ కిందట మొదలైందని 2018లో ‘నేచర్’ ప్రచురించింది. ఇలాంటి పనితనం ఆఫ్రికా నుంచి వచ్చిన ఆధునిక మానవులతో, లక్షా పాతిక వేల ఏళ్ళ కిందట, మన దేశం చేరిందన్న వాదానికి అది పెద్ద ఇబ్బందే. వాదం ఇంకా తెగలేదు. ఎందుకంటే ఆ గుంటల్లో కొన్ని జంతువుల పళ్ళు దొరికాయి గానీ, ఆ రాళ్ళు చెక్కినవారి ఎముక ఒక్కటీ దొరకలేదు.