అణువిద్యుత్ కేంద్రానికే కరెంటు పోతే...

రణస్థలం: నలుగురికీ విద్యుత్తు అందించే అణువిద్యుత్ కేంద్రానికి బయటి నుంచి విద్యుత్తు ఎందుకన్న సందేహం చాలామందికి కలుగుతుంది. రియాక్టర్‌ను నిలిపివేసిన తరువాత కూడా దానిని చల్లబరచడానికి పంపులు తిరగాలి, కొలమానాలు పనిచేయాలి, కవాటాలు తెరుచుకోవాలి. వీటన్నిటికీ విద్యుత్తే ఆధారం. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ వద్ద ఒక్కొక్కటి 1208 మెగావాట్ల సామర్థ్యం గల 6 రియాక్టర్ల నిర్మాణానికి కేంద్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఈ నేపథ్యంలో అణుకేంద్రంలో సరఫరా నిలిచిపోతే చేపట్టే అత్యవసర చర్యలేమిటో తీర ప్రాంత ప్రజలు తెలుసుకోవడం అవసరం.

ఆరినా చల్లారని పొయ్యి

బెల్లం పొయ్యిలో మంట ఆర్పినా పెనంలోని పాకం చాలాసేపు ఉడుకుతూనే ఉంటుంది. రియాక్టర్ తీరూ ఇంతే. నియంత్రణ కడ్డీలు లోనికి దిగగానే అణు విచ్ఛిత్తి ఆగిపోతుంది. కానీ అప్పటికే ఇంధనంలో ఏర్పడిన రేడియోధార్మిక పదార్థాలు వేడిని వెలువరిస్తూనే ఉంటాయి. నిలిపివేసిన క్షణంలో ఇది పూర్తి స్థాయి ఉష్ణంలో 6 నుంచి 7 శాతం. గంట గడిచాక సుమారు ఒకటిన్నర శాతానికి, ఒక రోజుకు అర శాతానికి తగ్గుతుంది. 220 మెగావాట్ల విద్యుత్తునిచ్చే భారజల రియాక్టర్ దాదాపు 750 మెగావాట్ల ఉష్ణాన్ని ఉత్పత్తి చేస్తుంది. అంటే ఆపిన గంట తరువాత కూడా 10 మెగావాట్లకు పైగా వేడిని తొలగించవలసి ఉంటుంది. తొలగించకుంటే నీరు ఆవిరై, ఇంధనం బయటపడి కరిగిపోతుంది.

నాలుగు అంచెల సరఫరా

దేశంలోని భారజల రియాక్టర్లలో విద్యుత్ సరఫరాను నాలుగు తరగతులుగా విభజించారు. గ్రిడ్ నుంచి గాని, కేంద్రంలోని సొంత జనరేటర్ నుంచి గాని వచ్చేది నాలుగో తరగతి. అది పోయినప్పుడు డీజిల్ జనరేటర్లు ఇచ్చేది మూడో తరగతి. ఇన్వర్టర్ల ద్వారా అంతరాయం లేకుండా అందేది రెండో తరగతి. బ్యాటరీల నుంచి నేరుగా వచ్చేది ఒకటో తరగతి. ఎంత ముఖ్యమైన పరికరమైతే అంత నమ్మకమైన తరగతికి దానిని కలుపుతారు.

గ్రిడ్ తెగిపోతే

గ్రిడ్ సరఫరా పోయి, సొంత జనరేటర్ కూడా ఆగిపోతే రియాక్టర్ తనంతట తానే మూతపడుతుంది. నియంత్రణ కడ్డీలను పైకి పట్టి ఉంచేవి విద్యుదయస్కాంత క్లచ్‌లు. వాటికి విద్యుత్తు ఆగిన మరుక్షణం కడ్డీలు సొంత బరువుతో కిందికి పడతాయి. కంట్రోల్ రూం దీపాలు, కొలమానాలు బ్యాటరీలపై పనిచేస్తూ ఉంటాయి. కొద్ది సెకన్లలోనే డీజిల్ జనరేటర్లు వాటంతటవే మొదలవుతాయి. భారమంతా ఒక్కసారిగా పడకుండా అత్యవసరమైన పంపులను ముందుగా, తక్కినవాటిని వరుసగా వాటికి కలుపుతారు.

డీజిల్ జనరేటర్లూ మొరాయిస్తే ఏర్పడే స్థితిని స్టేషన్ బ్లాకౌట్ అంటారు. అప్పుడు సిబ్బంది ముందు మూడు కర్తవ్యాలు ఉంటాయి. అవసరం లేని పరికరాలను తొలగించి బ్యాటరీల ఆయుష్షును కాపాడుకోవడం మొదటిది. ఆవిరి ఉత్పాదకాలలోని ఆవిరిని బయటికి వదలి ఒత్తిడి తగ్గించడం రెండోది. ఈ ఆవిరి రెండో వలయానికి చెందిన సాధారణ జలానిది. రియాక్టర్‌లో ఇంధనాన్ని తాకుతూ ప్రవహించే భారజలం ఇందులో కలవదు. విద్యుత్తుతో నిమిత్తం లేకుండా డీజిల్ ఇంజన్లతో నడిచే అగ్నిమాపక పంపుల ద్వారా ఆవిరి ఉత్పాదకాలలోకి నీరు ఎక్కించడం మూడోది. పైన చల్లబడిన భారజలం కిందికి, వేడెక్కినది పైకి సాగుతూ పంపు లేకుండానే ప్రసరణ కొనసాగుతుంది.

నరోరాలో 17 గంటల చీకటి

ఈ పద్ధతికి నిజమైన పరీక్ష ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో ఎదురైంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున మొదటి యూనిట్ టర్బైన్‌లో రెండు రెక్కలు విరిగిపోయాయి. ఆ కుదుపులకు జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ బయటికి వచ్చి మంటలు చెలరేగాయి. కేబుళ్లు కాలిపోవడంతో నాలుగు తరగతుల సరఫరా కూడా నిలిచిపోయింది. పొగ కమ్ముకోవడంతో సిబ్బంది కంట్రోల్ రూం విడిచి వెళ్లవలసి వచ్చింది.

అంతకుముందే వారు రియాక్టర్‌ను చేతితో ఆపివేసి, చల్లబరిచే ప్రక్రియ ప్రారంభించారు. అణు విచ్ఛిత్తి తిరిగి మొదలయ్యే అవకాశం లేకుండా కొందరు టార్చిలైట్ల వెలుగులో పైకి ఎక్కి, బోరాన్ ద్రావణం రియాక్టర్‌లోకి దిగేలా కవాటాలను చేతులతో తెరిచారు. డీజిల్ అగ్నిమాపక పంపులతో ఆవిరి ఉత్పాదకాలకు నీరు అందించారు. 17 గంటలపాటు కేంద్రం చీకటిలో ఉన్నా ఇంధనం చెక్కుచెదరలేదు. రేడియోధార్మికత బయటికి రాలేదు. ఏడు స్థాయిల అంతర్జాతీయ కొలమానంలో ఈ ఘటనను మూడో స్థాయిగా గుర్తించారు. ఒకదానికి ఒకటి ప్రత్యామ్నాయంగా ఉండవలసిన కేబుళ్లు ఒకే దారిన వెళ్లడమే అన్ని సరఫరాలూ ఒక్కసారిగా పోవడానికి కారణమైంది. ఆ తరువాత కేబుళ్లను వేరు చేయడం, మధ్యలో అగ్నినిరోధక అడ్డుగోడలు నిర్మించడం వంటి మార్పులు చేశారు.

ఫుకుషిమాలో మునిగిన జనరేటర్లు

జపాన్‌లో 2011 మార్చి 11న భూకంపం రాగానే ఫుకుషిమా దాయిచి కేంద్రంలో పనిచేస్తున్న మూడు రియాక్టర్లు సక్రమంగానే ఆగాయి. గ్రిడ్ పోయినా డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు 50 నిమిషాల తరువాత వచ్చిన సునామీ పల్లపు భాగాలలో ఉన్న జనరేటర్లను, స్విచ్‌బోర్డులను, కొన్ని బ్యాటరీలను ముంచివేసింది. కొలమానాలు చదవడానికి సిబ్బంది కార్ల బ్యాటరీలు తెచ్చి కలపవలసి వచ్చింది. నీరు సకాలంలో అందక మూడు రియాక్టర్లలోనూ ఇంధనం కరిగిపోయింది. ఈ ప్రమాదం ఏడో స్థాయికి చేరింది.

ఆ అనుభవంతో మన దేశంలోని అణుకేంద్రాలలో బయటి నుంచి నీరు ఎక్కించే ప్రత్యేక గొట్టపు అమరికలు, అవసరమైన చోటికి తరలించగల డీజిల్ జనరేటర్లు ఏర్పాటు చేశారు. కొవ్వాడకు ప్రతిపాదించిన ఏపీ-1000 రియాక్టర్‌లో నీటి తొట్టిని భవనం పైభాగంలోనే ఉంచుతారు. పంపులు, డీజిల్ జనరేటర్లు లేకపోయినా 72 గంటలపాటు చల్లబరిచేలా దీనిని రూపొందించారు. ఆ గడువు తరువాత మాత్రం నీటిని తిరిగి నింపక తప్పదు.

ప్రజలు చేయవలసినది

అత్యవసర పరిస్థితి కేంద్రం ఆవరణ దాటితే బాధ్యత జిల్లా యంత్రాంగం చేతికి వస్తుంది. ఇందుకోసం కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల పరిధికి ముందుగానే ప్రణాళిక రూపొందిస్తారు. హెచ్చరిక వెలువడితే ప్రజలు ఇళ్లలోకి వెళ్లి తలుపులు, కిటికీలు మూసుకోవాలి. ఆరుబయట ఉంచిన ఆహారం, నీరు వాడరాదు. పశువులకు ఆరుబయటి మేత వేయరాదు. అయోడిన్ మాత్రలను అధికారులు చెప్పినప్పుడు మాత్రమే వేసుకోవాలి. తరలింపు ఆదేశం వస్తే సూచించిన మార్గంలోనే వెళ్లాలి.

జనరేటర్లు ఎన్ని ఉన్నా అవన్నీ ఒకే గదిలో, ఒకే దారిలో ఉంటే ఒక్క ప్రమాదానికే పోతాయని నరోరా, ఫుకుషిమా రెండూ రుజువు చేశాయి. నరోరాలో ఇంధనాన్ని కాపాడింది విద్యుత్తు లేకుండా నీరు చేరే మార్గం, ఆ మార్గాన్ని చీకటిలోనూ వాడగలిగిన సిబ్బంది. కొవ్వాడ పరిసర గ్రామాల ప్రజలు అధికారులను ముందుగా అడగవలసిన ప్రశ్నలు కూడా ఇవే: కరెంటు పూర్తిగా పోతే నీరు ఏ దారిన వస్తుంది, తరలింపు ఏ రోడ్డున జరుగుతుంది, దీనిపై కసరత్తు ఎప్పుడెప్పుడు నిర్వహిస్తారు?