భద్రాచలం ఏజెన్సీలో తల్లుల పోషణ – బిడ్డకు తల్లిపాలు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గోదావరి తీరాన, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులను ఆనుకొని ఉన్న భద్రాచలం ఏజెన్సీలో కోయ గిరిజనులు అధిక సంఖ్యలో నివసిస్తున్నారు. కొండరెడ్లు, ఛత్తీస్‌గఢ్ నుండి వలస వచ్చిన గుత్తికోయలు కూడా ఈ అటవీ గ్రామాలలో ఉన్నారు. ఇక్కడ గర్భిణులు, బాలింతల ఆరోగ్యం మంజూరైన ఆహార పరిమాణంపైనే గాక, ఆ ఆహారాన్ని తల్లి స్వయంగా భుజించడంపై ఆధారపడి ఉన్నది.

తల్లి శరీరమే ఆధారం

బాలింత రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు ఇస్తుంది. ఒక మోస్తరు పోషకాహార లోపమున్న తల్లికి సైతం సాధారణంగా బిడ్డకు చాలినన్ని పాలు వస్తాయి. అయితే ఆహారంలోని కొరతను ఆమె శరీరం తన నిల్వల నుండి పూడ్చుకుంటుంది. ఫలితంగా బిడ్డ బరువు పెరుగుతున్నప్పటికీ తల్లి క్షీణిస్తుంది. విటమిన్ ఎ, బి వర్గపు విటమిన్లు, అయోడిన్ వంటివి తల్లి ఆహారంలో లోపిస్తే పాలలోనూ తగ్గుతాయి.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం గర్భిణికి రోజుకు 350, ప్రసవానంతరం మొదటి 6 నెలలు బాలింతకు 600 కిలో కేలరీలు అదనంగా అవసరం. రాగులు, జొన్నలు, కందిపప్పు, బొబ్బర్లు, మునగాకు, ఇతర ఆకుకూరలు, గుడ్లు, చేపలు ఈ లోటును తీర్చగలవు. ప్రసవించిన స్త్రీకి కొన్ని కుటుంబాలలో విధించే పథ్యం వల్ల, అధికంగా కావలసిన సమయంలోనే ఆహారం తగ్గిపోతున్నది.

కేంద్రంలోనే భోజనం

ఇంటికి ఇచ్చిన సరుకులు కుటుంబమంతటికీ పంపిణీ కావడం, తల్లి చివర తినడం సాధారణం. ఈ లోపాన్ని నివారించేందుకు ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అమృతహస్తం, తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి పథకాలు ప్రారంభమయ్యాయి. వీటి ప్రకారం అంగన్‌వాడీ కేంద్రంలోనే గర్భిణులు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు వడ్డిస్తారు. ఆరోగ్యలక్ష్మిలో పాల పరిమాణం 200 మిల్లీలీటర్లు.

రక్తహీనత నివారణకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలను గర్భధారణ సమయంలో 180 రోజులు, ప్రసవానంతరం 180 రోజులు వాడాలి. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగరాదు. టీ వల్ల ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

మొదటి గంట, మొదటి ఆరు నెలలు

పుట్టిన గంటలోపు బిడ్డకు ముర్రుపాలు పట్టాలి. రోగనిరోధక శక్తినిచ్చే ఈ పాలను పిండి పారబోయరాదు. తేనె, పంచదార నీళ్లు నాకించరాదు. తల్లిపాలలో సుమారు 88 శాతం నీరే ఉన్నందున, భద్రాచలం ప్రాంతపు తీవ్రమైన వేసవిలో సైతం 6 నెలల వరకు బిడ్డకు వేరుగా నీరు అవసరం లేదు. పిమ్మట అనుబంధ ఆహారంతో పాటు 2 సంవత్సరాలు, ఆపైనా తల్లిపాలు కొనసాగించాలి.

పాలు చాలడం లేదన్న అనుమానంతో డబ్బాపాలకు మారితే, బిడ్డ చీకడం తగ్గి తల్లిపాలు మరింత తగ్గుతాయి. 2003లో సవరించిన 1992 నాటి చట్టం శిశువుల పాలపొడి, పాలసీసాల ప్రకటనలను నిషేధించింది. పత్రికలు, ప్రసార మాధ్యమాలు ఈ నిబంధనను గమనించవలసి ఉన్నది.

పని రోజులలో శ్రద్ధ

మిరపకాయలు ఏరే రోజులలో, వేసవిలో తునికాకు సేకరణ సమయంలో బాలింతలు తెల్లవారుజామునే పనికి వెళ్లి, మధ్యాహ్నం కేంద్రానికి చేరలేకపోతారు. వాగులు పొంగే వర్షాకాలంలో దూరపు గూడేల స్త్రీలకు ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. ఆహారం మిగిలి, తల్లులు ఆకలితో ఉండే పరిస్థితి ఇదే. హాజరు తగ్గిన గూడేలను అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ముందుగా గుర్తించి, వడ్డించే వేళను పనుల వేళలకు అనుగుణంగా మార్చడం, వానలకు ముందే సరుకులు నిల్వ చేయడం ద్వారా ఈ అంతరాన్ని తగ్గించవచ్చు. హాజరు పట్టీలోని సంఖ్య కంటే, వడ్డించిన భోజనాన్ని తల్లి భుజించిందా అన్నదే ఈ పథకాల ఫలితానికి సరైన కొలమానం.