చట్టసభలో తల్లిభాష: అనుమతి ఎవరిది, హక్కు ఎవరిది?

ప్రజలు తమ ప్రతినిధిని ఎన్నుకొని చట్టసభకు పంపుతారు. ఆయన అక్కడ ఏ భాషలో మాట్లాడాలన్నది మాత్రం ప్రజలు గాక సభా నియమాలు నిర్ణయిస్తాయి. రాష్ట్ర అధికారభాషే ఇంటిభాష అయినవారికి ఈ నియమం ఉన్నట్టు కూడా తెలియదు. తమిళనాట తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి వంటి భాషా అల్పసంఖ్యాకులకు, అడవి బిడ్డలైన ఆదివాసులకు అది అడుగడుగునా తగులుతూనే ఉంటుంది.

ఈ నియమానికి మూలం బ్రిటిషు పాలనలో ఉంది. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం 85వ సెక్షను ప్రకారం రాష్ట్ర చట్టసభల కార్యకలాపాలు ఆంగ్లంలోనే జరగాలి. ఆంగ్లం రానివారు, చాలినంత రానివారు వేరే భాష వాడుకొనేందుకు సభా నియమాలలో వీలు కల్పించాలని కూడా అదే సెక్షను చెప్పింది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాలు కలిసి ఉన్న నాటి మద్రాసు రాష్ట్రానికి ఆ వెసులుబాటు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

స్వతంత్ర భారత రాజ్యాంగం ఆ పద్ధతినే కొద్ది మార్పుతో స్వీకరించింది. రాష్ట్ర చట్టసభలకు 210వ అధికరణం, పార్లమెంటుకు 120వ అధికరణం వర్తిస్తాయి. రాష్ట్ర శాసనసభ వ్యవహారాలు ఆ రాష్ట్ర అధికారభాషలో గాని, హిందీలో గాని, ఆంగ్లంలో గాని జరగాలి. ఈ భాషలలో తన భావాన్ని తగినంతగా వ్యక్తపరచలేని సభ్యునికి మాతృభాషలో ప్రసంగించేందుకు సభాపతి అనుమతి ఇవ్వవచ్చు.

ఇందులో 'వ్యక్తపరచలేని' అన్న మాటను గమనించాలి. రాజ్యాంగం తెరిచిన ఈ తలుపు అశక్తునికి మాత్రమే. తమిళం చక్కగా వచ్చి, అయినా తన ప్రజల మాటను వారి భాషలోనే సభకు వినిపించాలనుకొనే తెలుగు సభ్యునికి అక్షరార్థంగా చూస్తే ఇందులో చోటు లేదు. అటువంటివాడు సభాపతి సౌమనస్యం మీద ఆధారపడవలసిందే.

ఆ సౌమనస్యాన్ని పొందినవారిలో తెలుగువారు గుర్తుంచుకోవలసిన పేరు కె. గోపీనాథ్. కాంగ్రెసు పక్షాన 2001, 2006, 2011 ఎన్నికలలో హోసూరు నుండి ఆయన తమిళనాడు శాసనసభకు ఎన్నికయ్యారు. కర్ణాటక, ఆంధ్ర సరిహద్దులను ఆనుకొని ఉన్న ఆ ప్రాంతంలో తెలుగు, కన్నడ, తమిళ భాషలు మూడూ వీధి భాషలే. ఆయన సభలో తెలుగులో మాట్లాడగా నాటి ముఖ్యమంత్రి జయలలిత లేచి తెలుగులోనే సమాధానమిచ్చిన సందర్భం ఇప్పటికీ ఈ ప్రాంతపు తెలుగువారు చెప్పుకొనేదే. 2016లో ఆయన హోసూరులో ఓడిపోయారు. 2024లో కృష్ణగిరి నుండి లోక్‌సభకు ఎన్నికై, జూన్ 25న తెలుగులో ప్రమాణం చేసి, చివర 'జై తమిళనాడు' అన్నారు. తల్లిభాషకూ ఉంటున్న రాష్ట్రానికీ ఒకే నోట చోటిచ్చిన ఆ ముగింపు ఇక్కడి తెలుగువారి స్థితికి సరిగ్గా అద్దం పట్టిందని నా అభిప్రాయం.

సభలో తెలుగు వినబడితే ముచ్చట తీరుతుంది, అంతకుమించి ఏమిటని అడిగేవారున్నారు. దానికి జవాబు బడిలో ఉంది. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. 2006-07 విద్యాసంవత్సరంలో ఒకటో తరగతితో మొదలై, ఏటేటా ఒక్కొక్క తరగతికి విస్తరిస్తూ 2015-16 నాటికి పదో తరగతిని చేరింది. అప్పటివరకు తెలుగును మొదటి భాషగా చదివిన పిల్లలకు తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. మాతృభాష ఐచ్ఛికంగా చివరి భాగానికి జరిగింది. ఐచ్ఛికమన్న పాఠ్యాంశానికి కాలపట్టికలో ఏ గంట దొరుకుతుందో ఉపాధ్యాయులందరికీ తెలుసు. తమిళం నేర్వడంలో తప్పేమీ లేదు. ఈ నేల మీద బ్రతికేవారికి అది అన్నం పెట్టే భాష. అయితే తమిళ ఉపాధ్యాయుడే లేని తెలుగు బడిలో చదివిన పిల్లవాణ్ణి పదో తరగతి తమిళ పరీక్షకు కూర్చోబెట్టడం వేరు సంగతి. ఈ వివాదం మద్రాసు హైకోర్టుకు చేరి 2016లో పిల్లలకు మినహాయింపు లభించింది. తరువాత సుప్రీంకోర్టు కూడా 2023లో మినహాయింపును మరొక ఏడాది పొడిగించింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని 350ఎ అధికరణం చెబుతుండగా, ఏటా న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి రావడానికి కారణం చట్టం తయారయ్యే చోట ఈ పిల్లల తరఫున గట్టిగా పలికే గొంతులు తక్కువ కావడమే.

హోసూరు తెలుగువారు ఒకచోట గుంపుగా ఉన్నారు గనుక వారి ఓటుకు బరువుంది. మా మేలూరు, మదురై, కోయంబత్తూరు ప్రాంతాల పరిస్థితి వేరు. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకునితో మొదలైన నాయకరాజుల కాలంలోనూ, దానికి ముందూ వెనుకా వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఊరూరా చెదరి ఉన్నాయి. ఇంట తెలుగు, బయట తమిళం. చాలామందికి తెలుగు నోటికి వచ్చినంత కంటికి రాదు. తెలుగు మాటను తమిళ లిపిలో రాసుకొంటారు. దక్షిణ జిల్లాల నుండి తెలుగు ఇంటిభాషగా గలవారు ఎన్నికైనా సభలో సాధారణంగా తమిళంలోనే మాట్లాడుతూ వచ్చారు. వారికి తమిళం వచ్చు గనుక 210వ అధికరణం వారికి వర్తించదు. ఆ విధంగా హోసూరు సభ్యుడు పలికిన తెలుగే మాకూ ప్రాతినిధ్యమైంది.

పొరుగున కేరళలో మరొక ముచ్చట జరిగింది. 2021 మే 24న దేవికుళం సభ్యుడు ఎ. రాజా తమిళంలో ప్రమాణం చేశారు. ఆయనకు అందిన తమిళ అనువాదంలో 'దైవసాక్షిగా' అనో 'దృఢంగా' అనో ఉండవలసిన మాట జారిపోయింది. జూన్ 2న ఆయన మరల ప్రమాణం చేయవలసి వచ్చింది. అదే సభలో మంజేశ్వరం సభ్యుడు ఎ.కె.ఎం. అష్రఫ్ కన్నడంలో ప్రమాణం చేశారు. నియమం అనుమతించినా, సభా కార్యాలయంలో ఆ భాష తెలిసినవారు లేకపోతే ఫలితం ఇలాగే ఉంటుంది.

ఆదివాసుల పోరాటం ఇంకా పాతది. ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్ 1949లో రాజ్యాంగ సభలో ముండారి, గోండీ, ఒరావ్ భాషలను ఎనిమిదవ షెడ్యూలులో చేర్చాలని కోరారు. ఆ కోరిక నెరవేరలేదు. ఆదిలాబాదు గోండులు మాట్లాడే గోండీకి ఇప్పటికీ ఆ షెడ్యూలులో చోటు లేదు. సంతాలీకి 2003 నాటి 92వ సవరణతో స్థానం లభించింది. అయినా సభలో అది వినబడటానికి మరి కొన్నేళ్లు పట్టింది. రాజ్యసభ అధ్యక్షునిగా ఉన్న మన తెలుగువారు ఎం. వెంకయ్యనాయుడు 2018 జూలై 18న, షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా సభ్యులు మాట్లాడవచ్చని ప్రకటించారు. ముందుగా తెలియజేస్తే అనువాదకుని ఏర్పాటు చేస్తారు. 2019 డిసెంబరు 6న ఒడిశా సభ్యురాలు సరోజినీ హేంబ్రం రాజ్యసభలో తొలిసారిగా సంతాలీలో మాట్లాడారు. ఓల్ చికీ లిపిని రూపొందించిన పండిత రఘునాథ్ ముర్ముకు భారతరత్న ఇవ్వాలన్నది ఆమె కోరిక. తన భాషలో, తన భాషకు లిపినిచ్చినవాని గురించి మాట్లాడటం ఎంత ఔచిత్యంగా ఉందో చూడండి.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఇదే పని మరొక అడుగు ముందుకు సాగింది. అక్కడి శాసనసభలో ఆంగ్లం, ఫ్రెంచి తప్ప వేరే భాషకు తావుండేది కాదు. కివెటినూంగ్ సభ్యుడైన ఆదివాసి నాయకుడు సోల్ మమాక్వా కోరిక మీద 2024లో నియమాన్నే సవరించారు. ఆ ఏడాది మే 28న ఆయన తన ఓజీ-క్రీ భాషలో ప్రసంగించి, తమవారి వృద్ధుల ఆశ్రమం గురించి ముఖ్యమంత్రిని ఆ భాషలోనే ప్రశ్నించారు. మమాక్వా ఆంగ్లం ధారాళంగా మాట్లాడగలరు. 'రాదు గనుక అనుమతి' అన్న మన పద్ధతికీ, 'వచ్చినా నా భాష నాది' అన్న ఆ పద్ధతికీ ఉన్న తేడా ఇదే.

తమిళనాడు వంటి రాష్ట్రంలో దీనికి రాజ్యాంగ సవరణే అక్కరలేదు. 210వ అధికరణం సభాపతికి ఇచ్చిన అధికారాన్ని ఉదారంగా వాడి, ముందుగా తెలియజేసే సభ్యునికి అనువాదకుణ్ణి ఇచ్చే రాజ్యసభ పద్ధతిని అనుసరిస్తే చాలు.

సభ్యుడు మాట్లాడేవరకు ఆగలేని పౌరునికి 350వ అధికరణం ఉంది. తన కష్టాన్ని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని ఏ అధికారికైనా, ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీగా ఇచ్చుకోవచ్చు. తమిళనాట తెలుగులో రాసిన అర్జీ కూడా చెల్లుతుందన్నమాట. మేలూరు ప్రాంతంలో ఆ హక్కును వాడుకోదలచిన వారిలో చాలామంది ముందుగా తెలుగు రాయగలిగిన మనిషిని వెతుక్కోవలసి ఉంటుంది.