రీఫ్ ట్యాంక్‌లో పాచి పేరుకుంటోందా? మందు కొనే ముందు నీటి కదలిక చూడండి..!

ఉప్పునీటి అక్వేరియం.. అందులోనూ పగడాలు పెంచే రీఫ్ ట్యాంక్ చూడటానికి ఎంత బాగుంటుందో, కాస్త పట్టించుకోకపోతే అంత త్వరగా పాడైపోతుంది. అద్దాలు పచ్చబడతాయి. రాళ్లపై జుట్టులా నాచు వేలాడుతుంది. వెంటనే షాపుకెళ్లి పాచి మందు తెచ్చి పోసేస్తుంటారు. కానీ పాచి రోగం కాదు, లక్షణం మాత్రమే. నీరు ఎక్కడో నిలిచిపోతోందని, మేత ఎక్కువైందని అది చెబుతోంది. 60 లీటర్ల చిన్న ట్యాంక్‌ను ఉదాహరణగా తీసుకుని ఏం చేయాలో చూద్దాం.

నీరు ఎందుకు తిరగాలి?

పగడం మొక్కలా కనిపించినా నిజానికి జంతువే. ఒకే చోట అతుక్కుని ఉంటుంది కాబట్టి ఆక్సిజన్, ఆహారం నీరే తెచ్చివ్వాలి. వ్యర్థాలనూ నీరే తీసుకెళ్లాలి. కదలిక లేని మూలల్లో మేత ముక్కలు, చేపల మలం పేరుకుని కుళ్లుతాయి. వాటి నుంచి వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్‌లే పాచికి ఎరువు అన్నమాట.

పంపు ఎంత ఉండాలి?

మెత్తటి పగడాలకు ట్యాంక్ నీటికి గంటకు 20 రెట్లు అనేది ఎక్కువమంది పాటించే లెక్క. అంటే 60 లీటర్లకు గంటకు 1,200 లీటర్లు. కొమ్మల్లా పెరిగే గట్టి పగడాలైతే 40 రెట్లు, అంటే 2,400 లీటర్ల వరకు కావాలి. ఒక పెద్ద పంపు కంటే ఎదురెదురుగా రెండు చిన్నవి మేలు. ఒకదాని ముఖం కాస్త పైకి తిప్పితే నీటిపై అలలు లేచి ఆక్సిజన్ బాగా కలుస్తుంది. ధార మాత్రం నేరుగా పగడాన్ని కొట్టకూడదు, దాని కండ ఊడిపోతుంది. మేత వేసినప్పుడు గమనించండి. ముక్కలు ఎక్కడ ఆగుతున్నాయో అక్కడికే పంపు తిప్పాలి.

రెండు, మూడు నెలలకోసారి పంపు విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి కడగాలి. లోపల సున్నంలా పట్టేస్తే వేగం తగ్గిపోతుంది.

రంగు చూసి గుర్తుపట్టండి

* గోధుమ రంగు పొడి: డయాటమ్‌లు. కొత్త ట్యాంక్‌లో మొదటి వారాల్లో మామూలే. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.
* పచ్చటి జుట్టు: చేత్తో పీకేయండి. మేత తగ్గించండి. టర్బో నత్తలు బాగా తింటాయి.
* ఎర్రటి జిగురు పొర: ఇది సయనోబ్యాక్టీరియా. సన్నటి పైపుతో లాగేసి, అక్కడ నీటి కదలిక పెంచండి.
* గులాబీ, ఊదా రంగు గట్టి పూత: కోరలైన్. ఇది మంచిదే, రాళ్లపై ఉంటే వదిలేయండి.

ఏ నీళ్లు పోయాలి?

బోరు, కుళాయి నీళ్లు వద్దు. ఇంట్లో తాగే ఆర్‌వో నీళ్లలోనూ కొన్ని లవణాలు మిగులుతాయి. డీఐ రెసిన్ ఉన్న ఫిల్టర్ వాడి, టీడీఎస్ మీటర్‌లో సున్నా వచ్చాకే ఉప్పు కలపాలి. వారానికి 10 శాతం, అంటే 6 లీటర్లు మార్చితే చాలు. నీరు ఆవిరైతే ఉప్పు లేని ఫిల్టర్ నీళ్లే పోయండి. ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు, ట్యాంక్‌లోనే మిగిలిపోతుంది. లైట్ రోజుకు 8 గంటలు దాటకుండా టైమర్ పెట్టుకోండి.

నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే మంచిది. పూర్తిగా సున్నా చేసినా ప్రమాదమే. పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్లు అనే మొండి జీవులు చేరే వీలుంటుంది.

కరెంట్ పోతే..?

అసలు ప్రమాదం ఇక్కడే. పంపు ఆగితే ఆక్సిజన్ వేగంగా పడిపోతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ. రాత్రిపూట పాచి కూడా ఉన్న ఆక్సిజన్‌నే పీల్చుకుంటుంది. గంటల్లోనే చేపలు చనిపోవచ్చు. కాబట్టి పంపును ఇన్వర్టర్ లైన్‌కు కలపండి. లేదంటే బ్యాటరీ ఎయిర్ పంప్ దగ్గర ఉంచుకోండి.

ఈ రెండూ మర్చిపోవద్దు

రాగి ఉన్న మందులు రీఫ్ ట్యాంక్‌లో అస్సలు వాడకూడదు. నత్తలు, రొయ్యలు, పగడాలు చనిపోతాయి. ఇక కొనేటప్పుడు మరో జాగ్రత్త. మన సముద్రాల్లోని పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1 కింద రక్షణ ఉంది. వాటిని తీయడం, అమ్మడం నేరం. అందుకే పగడం ఎక్కడి నుంచి వచ్చిందో పత్రాలు అడిగి చూశాకే డబ్బు కట్టండి.