ఇంటిపేరు ఐడీసీ, ఒంటిపేరు సేవ్

మా సదుంలో "రెడ్డెప్పా" అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. అందుకే మావాళ్ళు ఇంటిపేరు కూడా కలిపి పిలుస్తారు. విజువల్ సీ ప్లస్ ప్లస్‌లో రిసోర్సుల పేర్లు మొదటిసారి చూసినప్పుడు నాకదే గుర్తొచ్చింది. డైలాగైతే ఐడీడీ, కంట్రోలైతే ఐడీసీ, స్ట్రింగైతే ఐడీఎస్. ముందు ఏ ఇంటివాడో చెప్పి, ఆ తర్వాతే ఒంటిపేరు అన్నమాట.

ఈ పోలిక మరీ కాకతాళీయమేం కాదు. వేరియబుల్ పేరుకు ముందు రకం తెలిపే అక్షరాలు తగిలించే పద్ధతి ఛార్లెస్ సిమొనీది. ఆయన 1948లో బుడాపెస్టులో పుట్టి, జెరాక్స్ పార్క్‌లో పనిచేసి, 1981లో మైక్రోసాఫ్టులో చేరాడు. హంగేరీవాళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఆ పద్ధతికి హంగేరియన్ నొటేషన్ అని పేరు రావడానికి అదీ ఒక కారణం.

1992లో ఎమ్మెఫ్సీ వచ్చింది. దాని 20వ టెక్నికల్ నోటులో పేర్లతోపాటు అంకెలకూ హద్దులు గీశారు. మెనూ కమాండ్లకు 32768 నుంచి 57343 దాకా, ఆపైన ఎమ్మెఫ్సీ సొంత వాడకానికి. పేర్ల సంగతి అందరికీ కంఠతా వచ్చు. అంకెల సంగతి ఎడిటరే చూసుకుంటుందిలే అని వదిలేస్తాం. నేనూ వదిలేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రసీదు ప్రింటు చేసే మెనూ చేర్చాను, పక్కసీటతను ఎంట్రీ డిలీట్ చేసేది చేర్చాడు. ఎవరి కాపీలో వాళ్ళం. ఎడిటరు ఇద్దరికీ 32771 ఇచ్చింది. కోడు కలిపితే పేర్లు వేరు కాబట్టి కంపైలరు కిక్కురుమనలేదు. మెసేజ్ మ్యాపులో అతని లైను ముందుంది. కస్టమరు రసీదు నొక్కాడు, ఎంట్రీ ఎగిరిపోయింది! రెండ్రోజులు బ్యాకప్పులు తవ్వుకున్నాం.

2008లో వచ్చిన ఆండ్రాయిడ్‌లో ఈ అంకెలు బిల్డ్ టూలే పంచుతుంది. ఏ ప్యాకేజీ, ఏ రకం, ఎన్నోది అన్నవన్నీ ఆ అంకెలోనే ఉంటాయి. అంటే ఇంటిపేరు అంకెలోకే ఎక్కేసింది. కానీ ఎర్రర్ కోడులు, డేటాబేస్ మైగ్రేషన్ నంబర్లు చేత్తో వేసుకునే టీములు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ పాత కథే.

మా ఊరిని ఇంగ్లీషులో ఒకచోట సదుం అని, ఇంకోచోట సోడం అని రాస్తారు. ఎలా రాసినా బస్సు దిగేది ఒకేచోట కాబట్టి ఇబ్బంది లేదు. 32771 దగ్గర మాత్రం రసీదు బస్సెక్కినవాడు డిలీట్ ఊళ్ళో దిగాడు.

ఇంతకీ మీ టీములో నంబర్లు పంచేదెవరు?