సంప్రదింపు నుంచి సమ్మతి దాకా

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ దాటి కరీంనగర్ రోడ్డు పడితే కార్ఖానా వస్తుంది. చదువుకో, కొలువుకో ఏజెన్సీ నుంచి నగరం వెళ్లిన మన పిల్లలు ఆ దారిన తిరిగే ఉంటారు. చూడటానికి అది కూడా నగరంలో ఒక బస్తీ. కానీ కంటోన్మెంట్‌లో భాగం. నగరంలోని మిగతా బస్తీలకు మున్సిపల్ చట్టం చేసేది రాష్ట్ర శాసనసభ. కంటోన్మెంట్ స్థానిక పాలనకు చట్టం చేసేది పార్లమెంటు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్, కేంద్ర జాబితాలోని 3వ అంశం ఈ అధికారం ఇచ్చింది. 1924 నాటి బ్రిటిష్ చట్టం స్థానంలో 2006లో కొత్త కంటోన్మెంట్ల చట్టం వచ్చింది ఈ అధికారంతోనే. కార్ఖానా ఓటరు ఎమ్మెల్యేని ఎన్నుకుంటాడు, కానీ ఆ ఎమ్మెల్యే కూర్చునే సభ ఈ చట్టాన్ని మార్చలేదు.

మన గూడేల మీద పార్లమెంటు అధికారం ఇంకా పెద్దది. 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల సరిహద్దులు మార్చేది పార్లమెంటే. శాసనసభ అభిప్రాయం అడగాలి, కానీ ఒప్పుకోలు అక్కర్లేదు. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. తెలంగాణ వచ్చింది.

అదే అధికారం పోలవరం ముంపు మండలాలనూ తాకింది. 2014 మే 29న ఆర్డినెన్స్, జూలైలో చట్టం. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లోని గ్రామాలు ఖమ్మం జిల్లా నుంచి ఉభయ గోదావరి జిల్లాలకు మారాయి. కోయలు, కొండరెడ్లు ఉన్న చోటే ఉన్నారు, రాష్ట్రం మారింది. గ్రామసభను అడగాలనే మాట 3వ అధికరణంలో లేదు.

అయితే గ్రామసభకు చట్టంలో చోటిచ్చింది కూడా పార్లమెంటే. 73వ సవరణ పంచాయతీలు నేరుగా షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించవు. తగిన మార్పులతో వర్తింపజేసే అధికారాన్ని 243ఎం అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. దానితో 1996లో పెసా చట్టం వచ్చింది. భూసేకరణకు ముందు గ్రామసభను గానీ, తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని అది చెప్పింది. సంప్రదించడమంటే అడగడం. కాదంటే ఆగాలని అందులో లేదు.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసింది. వన్యప్రాణుల కీలక ఆవాసాల నుంచి జనాన్ని తరలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలిసి, రాతపూర్వకంగా సమ్మతించాలంది. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్‌లో, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకోవాలంటే గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సమ్మతి కావాలని రాశారు. పదిహేడేళ్లలో "సంప్రదింపు" "సమ్మతి" అయింది. ఒక్క మాటే మారింది, కానీ కాదనే హక్కు ఆ మాటలోనే ఉంది.

ఇచ్చిన చేయి తీసుకోగలదు కూడా. ఐదో షెడ్యూల్‌ను సైతం పార్లమెంటు సాధారణ మెజారిటీతో మార్చవచ్చని ఆ షెడ్యూల్ 7వ పేరానే చెబుతోంది. అందుకే పౌరశాస్త్రం పాఠంలో లోక్‌సభ, రాజ్యసభ సీట్ల లెక్కతో ఆగకండి. ఊళ్లో గ్రామసభ నోటీసు అంటించినప్పుడు పిల్లల చేత చదివించండి. అందులో ఉన్నది సంప్రదింపా, సమ్మతా అని అడగండి. ఓటు కోసం వచ్చే ఎంపీ అభ్యర్థిని మన యువత అడగాల్సిందీ అదే: సరిహద్దు మార్చేటప్పుడు కూడా గ్రామసభ సమ్మతి కావాలని సభలో అడుగుతారా?