కరణం కైఫియత్తు నుంచి మగ్గం గుంత దాకా

హిందూపురం దగ్గరి లేపాక్షి గుళ్ళో ఒక గోడ మీద రెండు ఎర్రటి మరకలుంటాయి. రాజు శిక్ష వేయకముందే ఆ గుడి కట్టించిన విరుపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకేసి కొట్టాడని, అవి ఆ నెత్తుటి గుర్తులేనని చెబుతారు. చరిత్రా ఇది, కట్టుకథా? జరిగినదాన్ని కథలా చెప్పాలనుకునేవాడికి ఈ సీమలో మొదటి చిక్కు ఆ గోడ దగ్గరే ఎదురవుతుంది.

ఆ చిక్కు మన కరణాలకు రెండు వందల ఏళ్ళ కిందటే ఎదురైంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఒప్పజెప్పిన దత్తమండలాల్లో పెనుకొండ, హిందూపురం, ధర్మవరం సీమలూ ఉన్నాయి. సర్వే అధికారి కాలిన్ మెకంజీకి నేల కొలతలతోపాటు ఊళ్ళ పుట్టుపూర్వోత్తరాలూ కావలసివచ్చాయి. ఆయన కింద కావలి వెంకట బొర్రయ్య, 1803లో అతను పోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నడిపించారు. వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గరి పాత లెక్కల దండకవిలెలు విప్పించి, పెద్దల్ని అడిగి కైఫియత్తులు రాశారు. చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎంత, పాలెగాడు ఎప్పుడు తిరగబడ్డాడు, అన్నీ అందులోకెక్కాయి. ఆ లెక్కల పక్కనే, ఊరి పుట్టుక కథలో, వేటకుక్కల మీద తిరగబడి తరిమిన కుందేలూ ఉంటుంది. ఆ కుందేలును చూసే చాలామంది కైఫియత్తుల్ని పుక్కిటి పురాణాల కింద జమకట్టారు. నాకైతే అసలు చదువు అక్కడే ఉందనిపిస్తుంది. మంచి కైఫియత్తులో లెక్క లెక్కగానే ఉంటుంది, ఊరి మాట ఊరి మాటగానే ఉంటుంది. ఆ ప్రతులు శిథిలమవుతుంటే మళ్ళీ రాయించి కాపాడినవాడు సి.పి. బ్రౌన్.

1905లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ అనంతపురం జిల్లా గెజెటీర్ వచ్చింది. పనికొచ్చే పుస్తకమే. కానీ చెప్పినవాళ్ళ గొంతులు అందులో వినబడవు.

పెనుకొండది వేరే దారి. 1565లో రక్కసి-తంగడి యుద్ధంలో ఓడాక విజయనగర రాజధాని ఈ కొండ కిందికి వచ్చింది. ఆ శిథిలాల మధ్య పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్న వయసులోనే ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ కావ్యమే ఆయనకు పాఠ్యగ్రంథమైంది! తన పుస్తకం తానే బట్టీపట్టాల్సిన అవస్థ ఎవరికి రావాలి? అది పద్యమే, కాదనను. అయినా రాళ్ళ మధ్య తిరిగి, చూసి రాయడం వచనకారుడు కూడా నేర్వవలసిన పనే.

1926లో పప్పూరు రామాచార్యులు అనంతపురం నుంచి ‘శ్రీ సాధన పత్రిక’ మొదలుపెట్టారు. సీమ కష్టసుఖాలు వారం వారం అచ్చులోకి రాసాగాయి. 2000 తర్వాత పి. సాయినాథ్ ఇక్కడి రైతుల ఆత్మహత్యల మీద ‘ది హిందూ’లో రాశారు. ఆయన 2014లో స్థాపించిన ‘పరి’ (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా)కి 2017లో ఫెలోగా పనిచేసిన రాహుల్ ఎం. అనంతపురం జిల్లా బతుకుల్నే రాస్తూ వచ్చారు. చావుల లెక్కతో ఆగక, చనిపోయినవాడి ఇంటి గడపలో కూర్చుని అప్పు ఎలా మొదలైందో అడగడం ఈ తరం నేర్చిన విద్య.

ధర్మవరంలో ఆ విద్యకు కాలం కావాలి. పట్టుచీర రేటూ కూలీ అడిగి వెళ్ళేవాడికి అరగంట చాలు. పాత పడుగు కొసకు కొత్త పడుగును పోగు పోగుగా అతికే రోజున వెళ్ళి కూర్చోవాలి. ఆ రోజు నాడె ఆడదు, మగ్గం చప్పుడుండదు, చేతులు పనిలో ఉన్నా నోరు ఖాళీగా ఉంటుంది. సావుకారు దగ్గర తెచ్చిన బాకీ, గుంతలో ఆడించీ ఆడించీ పట్టేసిన మోకాళ్ళు, ఒక్కొక్కటే బయటికొస్తాయి. మధ్యలో ఎప్పుడో ‘మా తాత చెప్పేవాడు’ అని ఒక మాట పడుతుంది. ఆ నాలుగు అక్షరాల ‘చెప్పేవాడు’ను కొట్టేయకుండా నోటుబుక్కులోకి ఎక్కించుకోవాలి.